తప్పిన పూట

కొండగట్టు అంజన్న వెలసిన మల్యాల మండలమునందును, దాని చుట్టుపట్లనున్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలయందును ఏ పల్లెను చూచినను, దుబాయికో, మస్కటుకో, రియాదుకో బ్రతుకుతెరువు వెదకికొని పోయిన కొడుకులను తలచుకొనుచు కాలము గడపు తల్లిదండ్రులు కానవత్తురు. వయసున్నన్నాళ్ళు బీడీలు చుట్టియో, సాంచెలు నడిపియో, మడిలో నడుము వంచియో సంసారములు గట్టెక్కించిన ఈ వృద్ధులకు ముదిమిలో తోడువచ్చినవి రక్తపోటు, మధుమేహము, గుండెజబ్బు, కీళ్ళనొప్పులు. వానివెంట వచ్చినవి పొద్దుగాల రెండు, మాపటికి మూడు అని లెక్కపెట్టి మ్రింగవలసిన గోలీలు. కొందరికి కోడలో మనుమరాలో అందించుచున్నది. కొందరు ఒంటరిగానుండి తామే వేసికొనుచున్నారు. మరికొందరు పట్టణములలోని వృద్ధాశ్రమములను చేరి ఆయమ్మలయు నర్సులయు చేతిమీదుగా పుచ్చుకొనుచున్నారు. స్థలము ఏదియైనను అడుగవలసిన ప్రశ్న ఒక్కటియే: ఒక పూట గోలి తప్పినచో అది తప్పినదని ఎవరికి తెలియును?

పొరపాటున రెండుమార్లు ఇచ్చిన మందుగాని, ఒకరిది మరియొకరికి ఇచ్చిన మందుగాని తరచుగా తన జాడను తానే బయటపెట్టుకొనును. తల తిరుగును, చెమటలు పట్టును, డబ్బాలో గోలీలు లెక్కకు తక్కువపడును, ఎవరో ఒకరు కలవరపడి విచారింతురు. ఇవ్వని మందు అట్టిది కాదు. ఆ పూట ఏమియు జరుగలేదు గనుక చూచుటకు ఏమియు ఉండదు. అవ్వ ఎప్పటివలెనే మంచముపై కూర్చుండును, ఆయమ్మ ఎప్పటివలెనే పనులు చక్కబెట్టుకొనుచుండును. కొన్ని దినములకో వారములకో పక్షవాతముగానో, మూర్ఛగానో, ఊపిరాడని రాత్రిగానో దాని ఫలము కానవచ్చునప్పటికి, మూలమైన లోపము ఏ సాయంకాలమున జరిగెనో చెప్పగలవారెవరును మిగులరు. కావున వృద్ధులకు మందు తప్పకుండ చూచు విద్యయంతయు ఒక్క పనిమీద నిలిచియున్నదని నా దృఢవిశ్వాసము: జరుగనిదానిని కంటికి కనబడునట్లు చేయుట. ముసలివారి మరపును నిందించుటవలనను, పనివారిని గద్దించుటవలనను ఆ పని నెరవేరదు.

ఒక పూట తప్పినంతమాత్రమున ఏమగును అనువారికి ఒకే సమాధానము చెప్పుటకు వీలులేదు. ఏ మందు తప్పినదో మొదట తెలియవలెను. అడుగున సన్నని చిల్లిగల కుండలో దినదినము ఒకే వేళకు ఒక చెంబెడు నీరు పోయుచున్నయెడల, పోసినది కారిపోవుదానికి సరిపడి నీటిమట్టము ఒక మేరలో నిలుకడగా ఉండును. శరీరమునందు మందు నిలుచు రీతియు ఇట్టిదే. చిల్లి పెద్దదో చిన్నదో దానినిబట్టి, ఒక చెంబు తప్పినపుడు మట్టము ఎంత దిగజారునన్నది తేలును. వైద్యశాస్త్రము ఈ కొలతను అర్ధాయువు అనుచున్నది. రక్తములోని మందు సగమగుటకు పట్టు కాలమని దాని యర్థము. రక్తపోటుకు విరివిగా వాడబడు ఆమ్లోడిపిన్‌కు అది 30 మొదలు 50 గంటలవరకు ఉండును. 40 గంటలని తీసికొని లెక్క చూచినయెడల, చివరి గోలి వేసికొన్న 24 గంటలకు మూడింట రెండుపాళ్ళును, ఒక పూట తప్పి 48 గంటలు గడచినను ఐదింట రెండుపాళ్ళకు పైగాను మిగిలియుండును. థైరాయిడ్ లోపమునకు ఇచ్చు లెవోథైరాక్సిన్‌కు దాదాపు 7 దినములు. ఒకనాడు తప్పినచో నూటికి పదిపాళ్ళకు మించి తగ్గదు. ఇట్టి మందులు మనుష్యుల మరపును కొంత సైచును.

సైపని మందులు వేరు. గుండె వేగమును తగ్గించు మెటోప్రొలాల్ సాధారణపు గోలికి అర్ధాయువు 3 మొదలు 7 గంటలు మాత్రమే. నాలుగు గంటల చొప్పున లెక్కించినను, ఒక దినము గడచునప్పటికి మిగులునది అరువదినాల్గవ వంతు. అంతకంటె భయంకరమైన సంగతి, నెలలతరబడి ఆ మందు చాటున అణగియున్న గుండె, మందు ఆకస్మికముగా తొలగిన వెంటనే మునుపటికంటె ఎక్కువ ఉద్రేకముతో కొట్టుకొనుట. గుండెనొప్పి గలవారికి ఇది ప్రాణాంతకము కావచ్చును. మూత్రపిండములు చెడి రక్తపోటు లొంగనివారికి ఇచ్చు క్లోనిడిన్ హఠాత్తుగా ఆగినచో, రక్తపోటు మందు మొదలుపెట్టకముందున్నదానికంటెను పైకెగబ్రాకుట కలదు. గుండెలయ తప్పి రక్తము గడ్డకట్టు ప్రమాదమున్నవారు దినమునకు రెండుమార్లు వేసికొను అపిక్సబాన్ అర్ధాయువు సుమారు 12 గంటలు. మందు రక్షణ ఎంత సత్వరముగా పోవునో ఈ అంకెయే చెప్పుచున్నది. కీళ్ళనొప్పులకో ఆయాసమునకో నెలలకొలది స్టెరాయిడ్ గోలీలు మ్రింగినవారి అడ్రినల్ గ్రంథులు తమ పని మరచి నిద్రించుచుండును. అట్టివారికి గోలీలు ఒక్కసారిగా ఆగిపోయినచో శరీరము ఆపదను తట్టుకొను శక్తినే కోల్పోవును. పార్కిన్సన్ వ్యాధికి ఇచ్చు లెవోడోపా సంగతి మరియును సున్నితమైనది. దాని అర్ధాయువు గంటన్నర మాత్రమే గనుక, అరగంట ఆలస్యమైనను తాత కాళ్ళు నేలకంటుకొనిపోయినట్లగును. ఆలస్యము మిక్కిలియైనచో మ్రింగుటయే కష్టమై, తరువాతి గోలియు గొంతు దిగదు. బ్రిటనునందలి పార్కిన్సన్ వ్యాధిగ్రస్తుల సంఘము 2006 నుండి, ఆసుపత్రులును సంరక్షణాలయములును ఈ మందును వేళకు అందింపవలెనని ఉద్యమమే నడుపుచున్నది.

ఇన్సులిన్ విషయమున నియమము రెండువైపుల పదునైనది. పూట తప్పుట యెంత అపాయకరమో, భోజనము లేనివేళ అలవాటుచొప్పున సూది వేయుట అంతకంటె అపాయకరము. కావున ఆశ్రమములో వంటయింటి గడియారమును మందుల గడియారమును ఒకటే కావలెను. 2010 ఫిబ్రవరిలో బ్రిటిషు రోగిభద్రతాసంస్థ, తప్పినను ఆలస్యమైనను హాని కలిగించు మందుల జాబితాను ప్రతి ఆసుపత్రియు తయారుచేసికొనవలెనని ఆదేశించెను. పదిమంది వృద్ధులున్న చిన్న ఆశ్రమమైనను వైద్యుని అడిగి ఇట్టి జాబితా నొకదానిని గోడకు అంటించుకొనుటకు ఖర్చు ఏమియు లేదు. అన్ని గోలీలను సమానముగా చూచుట న్యాయమువలె తోచును గాని, చేతులు చాలని పూట ఏది ముందు ఇవ్వవలెనో తెలియకుండుటకు అదియే కారణమగును.

తప్పిపోవుట ఎంత సామాన్యమో 2009లో ప్రకటితమైన ఒక ఆంగ్ల పరిశోధనవలన లోకమునకు తెలిసినది. 55 సంరక్షణాలయములలోని 256 మంది వృద్ధుల మందులను పరిశోధకులు ఆమూలాగ్రము పరీక్షింపగా, ఒక్కొక్కరు సగటున 8 మందులు వాడుచుండిరనియు, పదిమందిలో ఏడుగురి విషయమున ఏదో ఒక పొరపాటు జరిగెననియు తేలినది. వ్రాయుటలో, అంగడిలో కట్టి యిచ్చుటలో, రక్తపరీక్షలు చేయించుటలో, చేతికందించుటలో, అన్ని మెట్లయందును లోపములున్నవి. చేతికందించుటలో జరిగిన పొరపాట్లలో దాదాపు సగము, ఇవ్వవలసినది ఇవ్వకపోవుటయే. ఆ దేశమున శిక్షితులైన సిబ్బందియు, అచ్చుపట్టికలును, తనిఖీలును ఉండియే ఇట్లున్నదనిన, ఒక నోటుపుస్తకమును ఇద్దరు ఆయమ్మలును మాత్రమే దిక్కుగా నడచు మన ఆశ్రమములపట్ల మరింత దయతోడను మరింత జాగరూకతతోడను ఆలోచింపవలసియున్నది.

చిన్న లెక్క వేసి చూతము. ముప్పదిమంది వృద్ధులు, ఒక్కొక్కరికి దినమునకు ఆరు గోలీలు. దినమునకు 180, నెలకు 5,400. నూటికి తొంబదితొమ్మిది వంతులు ఏ లోపము లేకుండ పనిచేయు మహాశ్రద్ధావతి యైనను నెలకు 54 గోలీలు తప్పును. మనుష్యమాత్రుల శ్రద్ధ ఎంత గొప్పదైనను ఈ పనికి చాలదని ఈ అంకెలే సాక్ష్యమిచ్చుచున్నవి. ఆ శ్రద్ధనైనను మనము చెదరకుండ ఉండనిచ్చుచున్నామా? ఆస్ట్రేలియాలోని సిడ్నీనగరమున రెండు ఆసుపత్రులయందు 98 మంది నర్సులు మందులిచ్చుచుండగా ప్రక్కనుండి గమనించిన పరిశోధకులు, మధ్యలో కలిగిన ఒక్కొక్క అంతరాయమునకు పొరపాట్లు నూటికి సుమారు 12 వంతున పెరిగినట్లు 2010లో ప్రకటించిరి. ఆయమ్మ చేతిలో గోలీల పళ్ళెము ఉన్న అరగంటసేపు ఆమెను తలుపు తీయుమనియు, ఫోను ఎత్తుమనియు, నీళ్ళు తెమ్మనియు పిలువకుండుట మందులు తప్పకుండుటకు మొట్టమొదటి ఉపాయము. ఇది యజమానులు చేయదగిన పని, ఆమెవలన కాదు.

జరుగనిదానిని కనబడజేయు నేర్పు ఎచ్చట పుట్టెనో చెప్పుట కష్టము గాని, దానికొక సుందరమైన నిదర్శనము అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున 1962లో కలదు. డేవిడ్ వాగ్నర్ అను ఇంజనీరు, తన భార్య డోరిస్ కుటుంబనియంత్రణ గోలీలు వేసికొనుచుండగా, ఈ దినము వేసికొన్నదో లేదో ఇద్దరికిని జ్ఞాపకముండక, ఒక కాగితముపై వారములోని దినముల పేరులు వ్రాసి ఒక్కొక్క పేరుపై ఒక్కొక్క గోలి పేర్చెను. కొన్నాళ్ళు అది చక్కగా నడచినది. ఒకనాడు ఏదో తగిలి కాగితము పడి గోలీలన్నియు చెదరెను. అంతట నతడు ప్లాస్టిక్ బిళ్ళలకు రంధ్రములు తొలిచి, త్రిప్పినచో ఒక్క గోలి మాత్రమే రాలునట్లును, రాలినచోట శూన్యము కనబడునట్లును ఒక డబ్బాను చేసెను. మరుసటి సంవత్సరమే ఒక ఔషధసంస్థ అట్టి డబ్బాలో గోలీలు అమ్మసాగినది. మన దేశమున ప్రతి ఆరోగ్యకేంద్రములోను ఎరిగిన మాలా-డి షీటు ఆ వంశములోనిదే. 21 గోలీలు మందువి, తక్కిన 7 ఇనుముగలవి. దినమునకొకటి చొప్పున అలవాటు ఎన్నడును తెగకుండ సాగుటకు ఆ ఏడును చేర్చబడినవి. ఖాళీ అయిన గుంత వేసికొన్న దినమును, నిండియున్న గుంత తప్పిన దినమును తెలుపును. అక్షరము రానివారును దీనిని చదువగలరు.

ఈ విషయమై మన పొరుగుననే జరిగిన మహాకార్యమొకటి కలదు. 1956లో మద్రాసునందు క్షయచికిత్సా పరిశోధనకేంద్రము వెలసి, వాలెస్ ఫాక్స్ నాయకత్వమున, శానటోరియములో ఉంచి చికిత్స చేయుటయు, ఇరుకు గుడిసెలయందు ఇంటనే ఉండనిచ్చి మందులిచ్చుటయు పోల్చి చూచినది. ఇంటిచికిత్స ఫలితములు శానటోరియము ఫలితములకు ఏమంత తీసిపోలేదని 1959లో ప్రకటితమగుటతో క్షయచికిత్స స్వరూపమే మారినది. ఈ జయమునకు వెనుక ఒక కఠినసత్యమును ఫాక్స్ గుర్తించియుండెను: రోగులు మందు వేసికొన్నామని చెప్పుటకును వేసికొనుటకును నడుమ దూరము కలదు. ఆ దూరమును కొలుచుటకు కేంద్రమువారు ముందు తెలుపకుండ ఇండ్లకు పోయి మిగిలిన గోలీలను లెక్కపెట్టిరి, మూత్రమును పరీక్షించిరి. అబద్ధమాడు వారిని పట్టుకొనుట వారి ఉద్దేశము కాదు; మనుష్యుడు మరచుటయు, అలసిపోవుటయు, కొంచెము నిమ్మళించగానే మానుటయు సహజమని ఒప్పుకొని, ఆ సహజత్వమునకు తగిన ఏర్పాటు చేయుట. ఎదుట నిలిచి మందు మ్రింగించు పద్ధతి పిమ్మట దేశమంతట వ్యాపించినది. ఇటీవలి కాలమున బెంగుళూరులోని పరిశోధకులు గోలీల షీటు వెనుక ఒక ఫోను నంబరును దాచి, గోలి తీసినప్పుడే అది బయటపడునట్లు చేసి, రోగి ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చినచో పూట నమోదగు 99డాట్స్ అను పద్ధతిని కల్పించిరి. గోలి తీయుట మ్రింగుట కాదు గనుక ఇదియును సంపూర్ణసాక్ష్యము కానేరదు. ఐనను కాల్ రాని దినము కార్యకర్త కంటబడును, ఆమె ఆ ఇంటికి పోగలదు.

వృద్ధాశ్రమములలో ఈ పనిని చేయునది మందుల పట్టిక. ఒక్కొక్కరికి ఒక కాగితము. ఎడమ ప్రక్క మందు పేరు, మోతాదు, వేళ. కుడిప్రక్కకు నెలలోని దినములన్నియు గడులుగా. చూచుటకు సామాన్యమైనను దీనికి రెండు నియమములు ప్రాణము. గోలి నోటబడి నీళ్ళు గుటకవేసిన పిమ్మటనే ఆ గడిలో సంతకము చేయవలెను. పని తొందరలో అందరి గడులు ముందే నింపివేసి పిదప గోలీలు పంచుట మొదలుపెట్టినచో ఆ పట్టిక లేనిదానికంటె కీడు, తప్పిన పూటను ఇచ్చిన పూటగా అది కప్పిపుచ్చును. రెండవది, ఏ గడియు ఖాళీగా విడువరాదు. ఇవ్వనిచో ఎందుకివ్వలేదో ఒక అక్షరమైనను వ్రాయవలెను: నిద్రలో ఉండెనా, వద్దనెనా, వాంతి చేసికొనెనా, బయటికి పోయెనా, గోలీలే అయిపోయెనా. ఈ కారణములు వేరువేరు చికిత్సలు కోరును. రాత్రి నర్సు దిగిపోవుచు పగటి నర్సుకు పని అప్పగించునపుడు ఇద్దరును కలిసి పట్టికలో ఖాళీ గడులను వెదకుట ఐదు నిమిషముల పని. బోస్టను నగరమందలి ఒక పెద్ద ఆసుపత్రిలో కాగితమునకు బదులు కంప్యూటరును, మందులపై చారలగుర్తును ప్రవేశపెట్టగా, వేళ తప్పుటను మినహాయించి తక్కిన పొరపాట్లు నూటికి 11.5 నుండి 6.8కి దిగినవని 2010లో వెల్లడియైనది. యంత్రములు గొప్పవే, కాని అవి కూడ చేయునది ఆ ఖాళీ గడిని అరచి చూపుటయే. కలమును కాగితమును గల ఆశ్రమము ఆ ఫలములో పెద్దభాగమును నేడే పొందవచ్చును.

వద్దను వృద్ధులను గురించి కొంత చెప్పవలసియున్నది. మొండితనమని తోచుదానికి తరచుగా శరీరకారణముండును. నోరెండి గోలి అంటుకొనిపోవుట, గొంతు సత్తువ తగ్గుట, షుగర్ గోలికి కడుపు త్రిప్పుట, మూత్రము ఎక్కువ చేయు మందు సాయంత్రమిచ్చినందున రాత్రియంతయు లేచి తిరుగవలసివచ్చుట, వీనిలో ఏదియైనను కావచ్చును. మూత్రపు గోలిని వైద్యుని అడిగి ఉదయమునకు మార్చినచో అంతవరకు వద్దన్న తాత మారు పలుకక పుచ్చుకొనును. మ్రింగలేనివారికి గోలిని నూరి అన్నములో కలుపుట మన ఇండ్లలో సామాన్యమైన ఆచారము. కాని నిదానముగా కరగునట్లు చేయబడిన గోలీలను నూరుట మిక్కిలి ప్రమాదము. దినమంతటికి పంచవలసిన మందు ఒక్క గంటలో రక్తములో చేరును. పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఎల్., ఈ.ఆర్. అను అక్షరములున్న గోలిని వైద్యుడు చెప్పనిదే నూరరాదు. ద్రవరూపమున దొరకునేమో అడుగుట మేలు.

తప్పకుండ ఇచ్చుటకంటె ముందు ఆలోచింపవలసినది, ఇన్ని ఇవ్వవలసియున్నదా యని. తొమ్మిది గోలీలలో రెండు ఎన్నడో తగ్గిపోయిన కడుపుమంటకు, ఒకటి పాత దగ్గుకు ఇచ్చినవై, ఎవరును మానుమనలేదు గనుక సాగుచుండుట అసాధారణము కాదు. ఏటికి ఒకటి రెండుమార్లు వైద్యుడు చీటినంతయు ముందుంచుకొని, మానదగినవి మాన్పి, మూడు పూటలవానిని ఒక పూటకు తేగలిగినచో తెచ్చినయెడల, తప్పుటకు అవకాశమే తగ్గును. గుండెజబ్బుకు కావలసిన నాలుగు మందులను ఒకే గోలిలో కూర్చి హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ చేసిన గోలితో, భారతదేశమునందును ఐరోపాయందును 2004 మందిపై జరిగిన ఒక పరీక్ష ఫలితములు 2013లో వెలువడినవి. వేర్వేరుగా పుచ్చుకొనువారిలో నూటికి 65 మంది క్రమము తప్పక వేసికొనగా, కలిపిన గోలి పుచ్చుకొనువారిలో 86 మంది తప్పలేదు. గోలీల సంఖ్య తగ్గుట యెంత మేలో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఇక మల్యాలవంటి సీమల ప్రత్యేకస్థితి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణసంక్షేమ చట్టము, జిల్లాకొకటి చొప్పున కనీసము 150 మందికి చోటుగల వృద్ధాశ్రమములను ప్రభుత్వములు నెలకొల్పవచ్చునని చెప్పుచున్నది. ఐనను ఈ ప్రాంతపు వృద్ధులలో అత్యధికులకు ఇల్లే ఆశ్రమము, ఆశా కార్యకర్తయే నర్సు. 2017లో కేంద్రప్రభుత్వము రక్తపోటు నియంత్రణకు ఐదు రాష్ట్రములలో ప్రారంభించిన కార్యక్రమమున తెలంగాణమును ఒకటి. ఇంటికి దగ్గరి దవాఖానలోనే నెలకు సరిపడు గోలీలిచ్చుట, రావలసి రానివారిని గుర్తించి పిలుచుట దాని ముఖ్యాంశములు. 2022లో తెలంగాణ ప్రభుత్వము రక్తపోటు, మధుమేహ రోగులకు మందులతోబాటు ఉదయ, మధ్యాహ్న, రాత్రి పూటలకు వేరువేరు అరలుగల సంచిని పంచినది. ఆ సంచి వాగ్నరు డబ్బాకు దగ్గరి చుట్టము. ఐనను నెలగోలీలన్నియు మూడు అరలలో కూర్చినందున, ఏ పూటకు వేసికొనవలెనో అది చెప్పునే గాని ఈనాడు వేసికొన్నదో లేదో చెప్పజాలదు. వారమునకు ఏడు వరుసలు, వరుసకు మూడు గూళ్ళు గల ప్లాస్టిక్ డబ్బా మెడికల్ షాపులలో దొరకును. సూర్యుని బొమ్మ, చంద్రుని బొమ్మ వేసినచో చదువురాని అవ్వయు పొరబడదు. అన్ని మందులను ఆ డబ్బాలో వేయరాదన్న జాగ్రత్త మాత్రము వలయును. రక్తము పలుచబరచు డాబిగాట్రాన్‌వంటివి గాలిలోని తేమకు చెడిపోవును గనుక షీటులోనే ఉండవలెను.

అంగడిలో షీటును కత్తిరించి నాలుగే గోలీలు అమ్ముట ఇచ్చట నిత్యకృత్యము. చేతిలో పైకము లేనివారికి అది ఉపకారమే గాని, మందు పేరును గడువు తేదీయు కత్తెరలో పోవును. నాలుగు గోలీలు ఐదవనాడు ఉండవు. పూటలు తప్పుట మరపుచేతనే కాక ఇట్లు మందు అయిపోవుటచేతను కలుగును. ఒక వారమునకు సరిపడు గోలీలు మిగిలియుండగానే తిరిగి తెప్పించుట ఇంటికిని ఆశ్రమమునకును సమానమైన నియమము. మరియొక చిక్కు గోలి రంగు. ఒకమారు తెల్లగా గుండ్రముగానున్నది మరొకమారు వేరొక కంపెనీదై ఎర్రగా కోలగా వచ్చును. ఇది నాది కాదని అవ్వ దానిని ప్రక్కన పెట్టును. ఆమెకే కాదు, అమెరికాలో గుండెపోటు వచ్చి కోలుకొన్నవారిలోను, గోలి రంగు మారినపుడు మందు మానుటకు అవకాశము నూటికి 34 వంతులును, ఆకారము మారినపుడు 66 వంతులును పెరిగినదని 2014లో ఒక పరిశోధన తెలిపినది. కొత్తగోలిని పాతదాని ప్రక్కన చేతిలో పెట్టి, ఇదే మందు, రంగు మాత్రమే వేరని చెప్పుట గోలీలిచ్చువారి విధి.

శనివారమునాడు అంజన్న పేర ఒక్కపొద్దుండు ముసలివారు ఈ సీమలో ఇంటింట కలరు. రమజాను మాసమున రోజా పట్టువారును కలరు. భక్తిని మానుమనుట తగదు, మానరు కూడను. వైద్యునికి ముందే తెలుపవలెను. రక్తపోటు గోలిని వేకువకో రాత్రికో జరుపుట సులభము. గ్లిమిపిరైడ్‌వంటి షుగర్ గోలిని ఖాళీకడుపున వేసికొనుట మాత్రము స్పృహ తప్పింపవచ్చును. గోలి మానవలెనా, తగ్గింపవలెనా అన్నది ముందే చీటిపై వ్రాయించుకొన్నవారు ఒక్కపొద్దును నిశ్చింతగా గడపుదురు.

దూరదేశమునున్న కొడుకులు చేయగలిగినదియు కలదు. దుబాయికి మనకు గంటన్నర, రియాదుకు రెండున్నర గంటల అంతరము. మల్యాలలో రాత్రి ఎనిమిదియైనపుడు అచ్చట ఇంకను సాయంకాలమే, పని ముగించి గదికి చేరు వేళ. ఆ వేళ ఫోనులో జరుగు సంభాషణ అందరెరిగినదే: “అమ్మా, గోలీ ఏసుకున్నవా?” “ఏసుకున్న కొడుకా.” కొడుకు బెంగపడునేమోనని తల్లి నోట వేరొక మాట రాదు. మద్రాసులో ఫాక్స్ గుర్తించిన దూరమే ఇది. ప్రేమవలన అది మరింత పెరిగినది. వీడియో కాల్ చేయు కొడుకు ఆ ప్రశ్న మాని, “అమ్మా, గోలీల డబ్బ సూపెట్టు” అని యడిగినచో, ఈనాటి గూడు ఖాళీయో కాదో వేయిమైళ్ళ దూరమునుండి తన కన్నులతోనే చూడగలడు. తల్లికి సమాధానము చెప్పవలసిన బరువుండదు, కొడుకుకు అనుమానమును ఉండదు.

పూట తప్పినదని తెలిసినపిమ్మట చేయదగినది మందునుబట్టి మారును గాని, ఒక్క నిషేధము అన్నిటికిని వర్తించును: వైద్యుడు చెప్పనిదే తప్పినదానికి బదులుగా రెండు గోలీలు ఒకమారు వేయరాదు. దినమునకొకటియైన మందు కొన్నిగంటలు ఆలస్యముగా గుర్తుకు వచ్చినచో సామాన్యముగా అప్పుడే ఇచ్చి, తరువాతి పూట దగ్గరపడినచో విడిచిపెట్టుదురు. కీళ్ళవాతమునకు వారమునకొక్కమారు మాత్రమే ఇచ్చు మెథోట్రెక్సేట్‌ను పొరపాటున దినదినము ఇచ్చినందున ఎముకమజ్జ చెడి మరణించినవారు కలరు. దాని విషయమున, వారములో ఏ దినమున ఇవ్వవలెనో ఆ దినము పేరు చీటిపై పెద్దయక్షరములతో ఉండవలెను. మూర్ఛ, గుండెలయ, రక్తపుగడ్డ, స్టెరాయిడ్, ఇన్సులిన్ మందులలో ఏది తప్పినను ఆ దినమే వైద్యునికి ఫోను చేయవలెను.

అన్నిటికంటె ఎక్కువ పూటలు తప్పుటకు అవకాశమున్న దినము, కరీంనగరములోనో హైదరాబాదులోనో ఆసుపత్రినుండి వృద్ధుని ఇంటికి తెచ్చు దినము. కొత్త చీటియందు కొన్ని మందులు మానివేయబడి, కొన్ని చేర్చబడి, కొన్నిటికి మోతాదు మారియుండును. ఇంటనేమో పాత డబ్బా నిండుగానుండును. ఒకే మందు రెండు కంపెనీల పేరులతో రెండుచోట్ల ఉండుటచే రెండును వేయుటయో, రెండును ఒకటేననుకొని అసలు కావలసినది మానుటయో సంభవించును. ఆసుపత్రి విడువకముందే కొత్త చీటిని పాత చీటితో ప్రక్కప్రక్కన పెట్టి, ఏది సాగవలెను, ఏది ఆగవలెను, ఏది కొత్తది అని వైద్యునిచేతనో నర్సుచేతనో గుర్తు పెట్టించుకొనవలెను. ఇల్లు చేరగానే పాత డబ్బాను ఖాళీచేసి, మానవలసిన గోలీలను వేరుచేసి అవతల పెట్టి, కొత్త చీటి ప్రకారము ఒక వారమునకు నింపి, ఆ చీటి నకలు ఒకటి ఆశా కార్యకర్తకును, ఫోటో ఒకటి గల్ఫులోని కొడుకు ఫోనుకును పంపవలెను. మొదటి రాత్రి గోలి ఆ డబ్బాలోనిదే కావలెను.